పలకా బలపం కొనే వేళ



డెబ్బై ఐదేండ్ల పాఠశాల చరిత్రను గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు సవిస్తరంగా చెప్పియున్నారు. భవనాలను గురించి, ఉత్తీర్ణతను గురించి చెప్పవలసినవారు నా తరువాత ఉన్నారు. నేను ఎన్నుకొన్న విషయం మిక్కిలి చిన్నది. శిశుతరగతిలో చేరబోయే బిడ్డకు బడి సామాను కొనడమే నేటి నా ప్రసంగ విషయం. ప్లాటినం జూబ్లీ సభలో పలకలు, బలపాలు, సంచుల ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ పాఠశాల నూరేండ్ల పండుగ జరుపుకొంటుందా లేదా అన్న ప్రశ్న ఆ అంగడి గుమ్మం దగ్గరే తేలబోతున్నదని నా అభిప్రాయం. అందుచేత మీ ఓపికను కొంతసేపు కోరుతున్నాను.

మే నెల సగం గడిచేసరికి మన పావగడ అంగళ్ళలో, ఎల్లకవతల మడకశిర, హిందూపురం, కల్యాణదుర్గం అంగళ్ళలో రంగురంగుల సంచులు తోరణాలవలె వ్రేలాడుతాయి. కర్ణాటకలో బడులు మే నెలాఖరుకు తెరుస్తారు. ఆంధ్ర ప్రాంతంలో జూన్ రెండవ వారంలో. పట్నపు శిశుపాఠశాలలు తల్లిదండ్రుల చేతికి ఒక జాబితా ఇస్తాయి. రెండు జతల యూనిఫారం, శనివారానికి వేరే తెల్లబట్టలు, నల్లబూట్లు, తెల్లబూట్లు, మేజోళ్ళు, టై, బెల్టు, బొమ్మ ఉన్న సంచి, నీళ్ళ సీసా, అన్నపు డబ్బా, నాలుగు గీతల నోటుపుస్తకాలు, చదరపు గళ్ళ నోటుపుస్తకాలు, రంగుల డబ్బా, పెన్సిళ్ళు, రబ్బరు, పెన్సిలు చెక్కే మర, అట్టలు వేయడానికి గోధుమరంగు కాగితం, అతికించడానికి లేబుళ్ళు. కొన్నిచోట్ల ఇవన్నీ ఫలానా దుకాణంలోనే కొనవలెనన్న నియమం కూడ ఉంటుంది. కూలికి పోయే తల్లి ఆ కాగితాన్ని చదివించుకొని, మడిచి, చెంగున ముడివేసుకొని, ఎవరిని అప్పు అడుగుదునా అని ఆలోచిస్తుంది. జాబితాలో ఉన్నదంతా కొనకపోతే బిడ్డ చిన్నబోతాడేమోనన్న బెంగ ఆమెది. ఆ బెంగను నేను తేలికగా తీసుకోను. నలుగురు పిల్లల నడుమ చినిగిన సంచితో కూర్చున్న బిడ్డకు కలిగే సిగ్గు నిజమైనదే.

అయితే ఇందులో ఏది బిడ్డకు కావలసినది, ఏది బడి గొప్పకు కావలసినది? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి నేను మిమ్ములను రెండువందల యేండ్లు వెనుకకు తీసుకొని పోదలచాను.

1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ తామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలలో బడులెన్ని, చదువుకొనేవారెందరు అని కలెక్టర్లను లెక్కలడిగాడు. దత్తమండలాలలో మన్రో పేరు తెలియని ఇల్లు లేదు గనుక పరిచయం అక్కరలేదు. ఆ ప్రశ్నకు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక చదువదగినది. తెలుగు వ్యాకరణం వ్రాసి 1816లో అచ్చువేయించిన పండితుడీయన. నేటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలలో అధికభాగం నాడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. మన వల్లూరు మైసూరు రాజ్యపు గడ్డమీద ఉన్నా, మన పొలిమేర కవతలి ఊళ్ళన్నీ ఆ నివేదికలో ఉన్నట్లే లెక్క. జిల్లా మొత్తంలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ, సంస్కృతం, పారసీ, అరవం బడులు. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. కన్నడం, తెలుగు ఇంచుమించు సరిసమానంగా, ఒకే నేలమీద, ఒకరినొకరు నెట్టుకోకుండా నడిచిన కాలమది. ఆడపిల్లలు మాత్రం 60 మంది. ఆ సంఖ్య విన్నప్పుడు నాటి చదువును గురించి మరీ మురిసిపోవలసిన పని లేదని తెలుస్తుంది.

బిడ్డను బడిలో వేసే తీరును కాంప్‌బెల్ కంటికి కట్టినట్లు వ్రాశాడు. బిడ్డకు ఐదేండ్లు నిండగానే తల్లిదండ్రులు అయ్యవారిని, బడిపిల్లలందరినీ తమ ఇంటికి పిలుస్తారు. వినాయకుని ప్రతిమచుట్టూ అందరూ కూర్చుంటారు. కొత్తబిడ్డను ప్రతిమకు ఎదురుగా కూర్చుండబెట్టి, అయ్యవారు ప్రక్కన కూర్చొని, ధూపదీపాలైన పిమ్మట బిడ్డ వేలుపట్టి బియ్యంలో దేవుని పేరు వ్రాయిస్తాడు. తల్లిదండ్రులు తమ శక్తికొలది ఆయనకు కానుక ఇచ్చి పంపుతారు. మరునాటినుంచి చదువు. మనం నేటికీ చేసుకొనే అక్షరాభ్యాసమే ఇది. కాని ఒక్క విశేషం గమనించండి. బిడ్డ బడికి పోకముందే బడి మొత్తం బిడ్డ ఇంటికి వచ్చింది. రేపు తన ప్రక్కన కూర్చోబోయే పిల్లల ముఖాలన్నీ బిడ్డ తన ఇంటి పంచలోనే చూసుకొన్నాడు. నేడు మొదటిరోజు తరగతి గుమ్మం దగ్గర వినబడే ఏడుపులకు ఇంతకంటె మంచి మందు ఎవరైనా కనిపెట్టారేమో నాకు తెలియదు.

సామాను మాట చెప్పనే లేదు. మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. అవి బాగా వచ్చిన తరువాతనే తాటాకుమీద గంటంతోనో, కాగితంమీద కలంతోనో, ఒక్కొక్కప్పుడు ఈశ్వరితీగ ఆకులమీదనో వ్రాసే అర్హత కలిగేది. ఈ సీమలో ఎక్కువగా వాడుకలో ఉన్నవి హలగె, కడితం అనే రెండు. హలగె అంటే అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల చెక్క. నున్నగా చిత్రిక పట్టి, అన్నమూ బొగ్గుపొడీ కలిపి పూస్తే వ్రాతకు సిద్ధం. కడితం అంటే గంజిపెట్టి పుస్తకంవలె మడతలు పెట్టిన గుడ్డ. దానికి బొగ్గు, బంకలు కలిపిన పూత. తడిగుడ్డతో తుడిస్తే రెండూ మళ్ళీ కొత్తవి. వ్రాసేది బలపంతో. ఆ మాటను దొర తన చెవికి పట్టినట్లు ఇంగ్లీషులో వ్రాసుకొన్నాడు గాని, వస్తువు మన బలపమే.

అంటే ఆనాటి బడి సామానులో అంగడిలో కొనవలసినది దాదాపు ఏమీ లేదు. ఇసుక వంకలో ఉంటుంది. బొగ్గు పొయ్యిలో ఉంటుంది. గంజి అన్నపుకుండలో ఉంటుంది. ఇంత తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పడాన్ని, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించడాన్ని కాంప్‌బెల్ మెచ్చుకొన్నాడు. ఆ రెండవ పద్ధతిని అప్పటికే మద్రాసునుంచి ఇంగ్లాండు తీసుకొనిపోయి అక్కడి బడులలో పెట్టియున్నారు. అదే నివేదికలో ఆయన మరొక మాట కూడ వ్రాశాడు. ప్రజలు పేదలైపోయినారనీ, ఆ కొద్దిపాటి ఖర్చు కూడ భరించలేక, పసిచేతులు పనికి వచ్చీరాగానే బిడ్డలను పనిలో పెడుతున్నారనీ. సామాను చవకగా ఉన్నంత మాత్రాన బడి నిండదు. ఈ రెండు సంగతులూ కలిపి చదువుకోవాలి.

పలక అన్న మాటను కూడ ఒక్కసారి చూడండి. మనం పాలు అంటే కన్నడిగులు హాలు అంటారు, పులి అంటే హులి, పల్లు అంటే హల్లు. అదే వరుసలో మన పలక వారి హలగె. బలపం వారికి బళప. కడితం కన్నడ కచేరీలలో కడత అన్న రూపంలో ఇప్పటికీ ఫైలుకు పేరుగా బ్రతికియున్నది. ఎల్లమీది ఊళ్ళలో బడి సామానుకు రెండు భాషలు లేవు. ఒక్కటే మాట, రెండు పలుకుబళ్ళు.

చెక్కపలక పోయి రాతిపలక వచ్చింది. మార్కాపురం గనులనుంచి తీసిన నల్లరాతిని పలుచని రేకులుగా చీల్చి, కొయ్యచట్రం బిగించిన పలకలు దేశమంతటా పిల్లల చేతులకు చేరినాయి. చట్రంలో తీగలమీద పది పది పూసలు గ్రుచ్చిన పలక వస్తే అదొక వైభవం. పగలకుండా ఏడాది గడిచిన పలక పెద్దబిడ్డనుంచి చిన్నబిడ్డకు దిగేది. నలుపు తగ్గితే బొగ్గు, ఆకుపసరు కలిపి రుద్దుకొనేవాళ్ళం. రెండువందల యేండ్లనాటి పూత ఎక్కడికీ పోలేదన్నమాట. తరువాత రేకుపలక, ప్లాస్టిక్కు పలక. ఇప్పుడు పలకే లేకుండా మూడున్నర యేండ్ల బిడ్డ చేతికి తిన్నగా పెన్సిలు, నాలుగు గీతల పుస్తకం ఇస్తున్నారు. ఇది నాకు నచ్చని మార్పు అని మొగమాటం లేకుండా చెబుతున్నాను. పలకమీద తప్పు నిలువదు. అరచేత్తో తుడిస్తే పోతుంది. కాగితంమీది తప్పు ఎర్రసిరాతో సున్న చుట్టించుకొని ఇంటికి వస్తుంది. వేళ్ళ ఎముకలు గట్టిపడని బిడ్డకు ఏది మేలో చెప్పడానికి శాస్త్రజ్ఞులు కావలసిన పని లేదు.

శిశుపాఠశాలలకు మనం పెట్టుకొన్న కిండర్‌గార్టెన్ అనే పేరు జర్మనీది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1840లో ఆ పేరు పెట్టాడు. పిల్లలతోట అని అర్థం. ఆయన బిడ్డల చేతికిచ్చిన మొదటి సామాను ఏమిటనుకొన్నారు? రంగురంగుల ఉన్నితో అల్లిన ఆరు మెత్తని బంతులు. దాని తరువాత కొయ్యతో చేసిన గుండు, దిమ్మ, స్తంభాకారం. పుస్తకం లేదు, టై లేదు. మన దేశంలో గిజూభాయి బధేకా 1920లో భావనగరంలో బాలమందిరం తెరిచినప్పుడు కూడ ఆటలకు, కథలకు, పాటలకు ఇచ్చిన చోటు పుస్తకానికి ఇవ్వలేదు. జర్మనీలో మరొక ఆచారం ఉన్నది. మొదటి తరగతిలో చేరే బిడ్డకు ఆ రోజు కాగితపు పొట్లం, బిడ్డ నడుమెత్తు ఉండేది, మిఠాయిలతో నింపి ఇస్తారు. మన ఇండ్లలో అక్షరాభ్యాసం నాడు బడిపిల్లలకు శనగపప్పు, బెల్లం, మరమరాలు, కొత్త బలపాలు పంచుతాము. వారిది చేరినవానికి ఇచ్చే మిఠాయి, మనది చేరినవాడు తోడివారికి పంచే మిఠాయి. నాకు మనదే బాగున్నదనిపిస్తుంది. పక్షపాతమని మీరంటే కాదనను.

సంచి బరువును గురించి ఎక్కువ చెప్పను. మైసూరు నివాసి, ప్రసిద్ధ రచయిత ఆర్.కె. నారాయణ్ 1989లో రాజ్యసభలో మాట్లాడుతూ పసివాళ్ళ వీపులమీది పుస్తకాల మోతను గురించి బాధపడ్డారు. తరువాత యశ్‌పాల్ సంఘాన్ని నియమించారు. 1993లో వారి నివేదిక వచ్చింది. 2020 నాటి జాతీయ సంచి విధానం శిశుతరగతులకు సంచే అక్కరలేదని తేల్చింది. అయినను అంగడిలో అన్నిటికంటె ముందు వ్రేలాడేది ఆ సంచే! యూరియా సంచిని ఉతికి కుట్టించుకొని బడికి వచ్చినవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. పేదరికాన్ని పొగడమని నేననను. ఆ సంచిలో ఏమున్నదో దానిని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఇక మన వల్లూరు సంగతికి వస్తాను. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లుతోపాటు మన వల్లూరి పొలాలలోనూ సౌరవిద్యుత్ కేంద్రం వెలసిన సంగతి దేశమంతా ఎరుగును. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమై, 2019 చివరకు పని పూర్తి అయింది. భూమి ఉన్నవారికి ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేండ్లకొకసారి నూటికి ఐదు చొప్పున పెరిగే కౌలు వస్తున్నది. వాన చూసి బ్రతికిన ఈ నేలలో, వేరుశనగ ఎండిపోయిన యేడు కూడ చేతికి రూపాయి వచ్చే ఏర్పాటు చిన్నది కాదు. కాని ఆ పొలాలలో కలుపు తీసి, కాయ వలిచి బ్రతికిన భూమిలేనివారికి కౌలు లేదు, కూలి పోయింది. ఒకే వీథిలో ఒక ఇంటి బిడ్డకు జాబితా మొత్తం కొనగలరు; ఎదురింటి బిడ్డకు పలక కొనడమే కష్టం. కౌలు డబ్బు అందిన ఇల్లు సహజంగానే బిడ్డను బస్సెక్కించి పట్నపు ఇంగ్లీషు బడికి పంపాలనుకొంటుంది. ఎదురిల్లు దానిని చూసి అప్పుచేసి అయినా అదే చేయాలనుకొంటుంది. ఈ విధంగా మన తరగతి గదులు రెండు వైపులనుంచి ఖాళీ అవుతాయి.

ఇక్కడే నేను మొదట చెప్పిన మాట అర్థమవుతుంది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు కూడి ఒక నియమం చేసుకొన్నారు. ఒక బడి మొత్తంలో 40 మంది, లేదా ఒక తరగతిలో 10 మంది పిల్లలు ప్రాంతీయభాష కాక వేరొక మాతృభాష గలవారైతే, వారికి ఆ భాషలో చెప్పడానికి ఒక ఉపాధ్యాయుని నియమించాలి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించమని రాష్ట్రాలకు చెబుతున్నది. 2014 మే 6న సుప్రీంకోర్టు, బిడ్డ ఏ మాధ్యమంలో చదవాలో ప్రభుత్వం శాసించజాలదని, ఎన్నుకొనే స్వేచ్ఛ తల్లిదండ్రులదని తీర్పు చెప్పింది. తీర్పు మనకు అనుకూలమా ప్రతికూలమా అని చర్చించేవారున్నారు. ఒక్కటి మాత్రం స్పష్టం. ఇక ఏ చట్టమూ తెలుగుబడిని తనంతట తాను నిలబెట్టదు. తరగతికి పదిమంది ఉంటేనే అయ్యవారు, తొమ్మండుగురైతే అర్జీ. ఆ పదవ బిడ్డ సంచిలో ఏ అక్షరాల పుస్తకం పడుతుందో అంగడిలో తల్లి చెయ్యి నిర్ణయిస్తుంది.

కన్నడం రాకపోతే బిడ్డకు ఈ రాష్ట్రంలో బ్రతుకెట్లా అని అడిగేవారికి నా జవాబు ఇది. కన్నడం తప్పక రావాలి. ఇది కన్నడనాడు, మనం దాని ఉప్పు తిన్నవారం. ఈ రాష్ట్రంలో ప్రతి బడిలోనూ కన్నడం నేర్పాలని 2015లో చట్టమే చేశారు. కాని రెండు లిపులూ ఒక్క తల్లి పిల్లలు. తెలుగు గ, జ, ద, బ, ల గుర్తుపట్టిన బిడ్డ కన్నడ పుస్తకం తెరిస్తే, తలకట్టు మాత్రం మారిన పాత చుట్టాలే కనబడతారు. ఇంటిలో మాట్లాడే భాషలో అక్షరం ధ్వనిని పట్టుకొన్న బిడ్డకు రెండవ లిపి కొన్నినెలల పని. ఇంటిలో ఎవరూ పలుకని భాషలో మొదటి అక్షరం దిద్దిన బిడ్డ, పెదవులతో చదువుతాడు గాని, అర్థం కోసం అయ్యవారి ముఖం చూస్తాడు.

ఆ లేబుళ్ళను ఎప్పుడైనా పరిశీలించారా? అంగడిలో దొరికే ప్రతి లేబులుమీదా పేరు, తరగతి అన్న మాటలు ఇంగ్లీషులో అచ్చువేసి ఉంటాయి. అందుచేత బిడ్డ తన పేరును మొట్టమొదట చూసేది తన అవ్వ చదువలేని లిపిలో. చిన్న కాగితపు ముక్కే. కాని తన పేరు ఏ అక్షరాలలో ఉంటుందో, చదువు కూడ ఆ అక్షరాలలోనే ఉంటుందని బిడ్డ గ్రహిస్తాడు.

ఉత్సవసంఘం వారికి ఒక విన్నపం. జూబ్లీ గుర్తుగా స్వాగతతోరణం కట్టించాలన్న ఆలోచన ఉన్నదని విన్నాను. తోరణం మంచిదే, ఆగగలదు. దానికి అనుకొన్న సొమ్మును బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో ఏటా ఈ బడి శిశుతరగతిలో, ఒకటవ తరగతిలో చేరే ప్రతి బిడ్డకు మొదటి సామాను మనమే ఇద్దాము. ధనికుల బిడ్డకూ పేదల బిడ్డకూ ఒకే రకం. చట్రం ఉన్న ఒక పలక, ఒక డబ్బా బలపాలు, బొమ్మలున్న తెలుగు అక్షరాల పుస్తకం, కన్నడ అక్షరాల పుస్తకం, రంగు బలపాలు, బొమ్మలు వేసుకోవడానికి ఒక తెల్లకాగితపు పుస్తకం, మన ఊరి దర్జీ కుట్టిన గుడ్డసంచి. ప్రభుత్వ పాఠశాలలలో యూనిఫారం, పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఎటూ ప్రభుత్వం ఇస్తూనే ఉన్నది. సరిహద్దు అవతల కూడ 2020నుంచి సంచి, బూట్లతో సహా ప్రభుత్వమే పిల్లలకు అందజేస్తున్నది. పేర్లు మారినా పథకం నడుస్తున్నది. లేనిదల్లా ఆ మొదటి పలక. దానిని మనం బడిలో పిలిచి ఇవ్వకూడదు. పూర్వం మాదిరి అయ్యవారు, నలుగురు పిల్లలు బిడ్డ ఇంటికి పోయి, బియ్యంలో అక్షరం దిద్దించి, పలకను చేతిలో పెట్టి రావాలి. మసీదు వీథి ఇంటిలో వారి సంప్రదాయం ప్రకారం, చర్చికి పోయేవారింటిలో వారి ప్రార్థన ప్రకారం. లేబులుమాత్రం మనమే అచ్చువేయిద్దాము. దానిమీద బిడ్డ పేరు తెలుగులోనూ కన్నడంలోనూ వ్రాద్దాము.

ఖర్చు ఎంతని అడుగుతారు. పావగడలో టోకున కొంటే ఎంత పడుతుందో రాబోయే సోమవారం కనుక్కొని సంఘం వారికి వ్రాసి ఇస్తాను. ముందుగా మనకు కావలసినది పిల్లల సంఖ్య. చందాలు వ్రాసుకొనే బల్ల ప్రక్కన మరొక పుస్తకం పెట్టించాను. ఇంటిలో నాలుగేండ్లు, ఐదేండ్లు నడుస్తున్న బిడ్డ ఉన్నవారు పోయేముందు ఆ పుస్తకంలో బిడ్డ పేరు, ఇంటిపేరు, వీథి వ్రాయించండి. వ్రాయడానికి ఏడవ తరగతి పిల్లలిద్దరు కూర్చొని ఉన్నారు. వారి దస్తూరి బాగున్నది.